ఎకో సౌండర్ బిగించేవాళ్లు ఒక్కసారి చదవండి

అన్నలకు నమస్కారం. వేట నిషేధం జూన్ 14 వరకు ఉంది కాబట్టి, బోట్లు ఒడ్డున ఉండగానే ఎకో సౌండర్ (శబ్దం పంపి నీటి లోతు చూపే పరికరం) పని ముగించుకోండి. ట్రాన్స్‌డ్యూసర్‌ని, అంటే నీళ్లలోకి శబ్దం పంపి తిరిగొచ్చేదాన్ని పట్టుకునే భాగాన్ని, బోటును నెట్టే ఫ్యాన్‌కి (ప్రొపెల్లర్‌కి) దగ్గరగా మాత్రం పెట్టకండి. ఫ్యాన్ తిరిగేచోట నీళ్లలో గాలి బుడగలుంటే శబ్దం అడుక్కి పోదు, వేగం పెంచగానే లోతు అంకెలు పిచ్చిపిచ్చిగా మారిపోతాయి. నిరుడు మొగ (నీళ్లు సముద్రంలో కలిసే చోటు) దగ్గర ఇసుక మేట మీదికి వెళ్తున్నామో లేదో తెలియక ఎంత టెన్షన్ పడ్డామో! ఫ్యాన్‌కి దూరంగా జరిపి, బోటు అడుగు కన్నా కాస్త కిందకు దించి బిగించాక సరిపోయింది.

వైరు నేరుగా బ్యాటరీ నుంచి లాగండి, మధ్యలో ఫ్యూజు ఉండాలి. ఇంజిన్ వైర్లతో కలపొద్దు. కేబుల్ పొడవెక్కువైందని కోయకండి, చుట్టి కట్టేయండి. స్క్రూ రంధ్రాల్లో మెరైన్ సీలెంట్ నింపండి. ట్రాన్స్‌డ్యూసర్‌కి నాచు పడితే మెత్తటి గుడ్డ, సబ్బునీళ్లు చాలు. థిన్నర్, పెట్రోలు అస్సలు వద్దు.