నిషేధ కాలంలో ట్రౌట్ వేట ఆపించండి

హిమాచల్ ప్రదేశ్ కొండ నదుల్లో నవంబరు 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా ట్రౌట్ చేపల వేట నిషేధమన్న సంగతి మన పర్యాటకులకు ఎవరూ చెప్పడం లేదు. మంచు చూడాలని తెలుగు కుటుంబాలు బయలుదేరేది సరిగ్గా ఆ నెలల్లోనే. గత డిసెంబరులో కులు జిల్లా తీర్థన్ లోయలో మేము దిగిన బసలో అడక్కుండానే గాలాలు చేతికిచ్చారు. మా బృందంలో ఒకరికి చిక్కిన చేపను కోస్తే కడుపు నిండా కందిగింజంత నారింజ రంగు గుడ్లు! ఆ పూట నాకు ముద్ద దిగలేదు. తల్లి చేప తోకతో గులకరాళ్లను తవ్వి వాటి నడుమ గుడ్లు పెడుతుంది. ఆ చల్లటి నీటిలో అవి పిల్లలు కావడానికి వారాలు పడుతుంది. ఈలోగా మనం నదిలోకి దిగి నడిస్తే కాళ్ల కింద నలిగేది అవే. బ్రిటిష్ కాలంలో బయటి నుంచి తెచ్చి వదిలిన చేపే కావచ్చు, కానీ నేడు ఆ లోయలో ఎన్నో ఇళ్లకు అదే జీవనాధారం. బస బుక్ చేసుకున్న రసీదు మీదే నిషేధ తేదీలు, మిగతా నెలల్లో మత్స్యశాఖ అనుమతి తప్పనిసరి అన్న మాట ముద్రించేలా అక్కడి ప్రభుత్వం ఆదేశించాలి. మన ట్రావెల్ ఏజెంట్లు, పత్రికల యాత్రా కథనాలు కూడా ఆ తేదీలు చెప్పాలి. చలికాలంలో చేప తినాలనుకునేవారికి అక్కడి రైతులు తొట్లలో పెంచే రెయిన్‌బో ట్రౌట్ ఉండనే ఉంది.

— ఒక పాఠకుడు, విశాఖపట్నం