ఒక్క ఖాళీ తేడాతో స్లో డౌన్

సంపాదకులకు,

దరఖాస్తుల్లో, ఆఫీసు ఈమెయిళ్లలో, విద్యార్థుల జవాబు పత్రాల్లో 'స్లో డౌన్' అనే ఇంగ్లిష్ మాటను ఎక్కడ విడదీయాలో, ఎక్కడ కలపాలో చూసుకోకుండా రాసేస్తున్నారు. స్పెల్‌చెక్ కూడా చాలాసార్లు దీన్ని పట్టుకోలేదు. రెండు రూపాలూ నిఘంటువులో ఉన్నవే మరి!

క్రియ అయితే రెండు పదాలు, నామవాచకం అయితే ఒకే పదం. అనుమానం వస్తే వాక్యాన్ని భూతకాలంలోకి మార్చి చూడాలి. 'ది ట్రెయిన్ స్లోస్ డౌన్' అన్నది 'స్లోడ్ డౌన్' అవుతుంది. మార్పంతా 'స్లో'కే జరిగింది, 'డౌన్' కదల్లేదు. కాబట్టి అక్కడ ఖాళీ తప్పనిసరి. 'ఎ స్లోడౌన్ ఇన్ సేల్స్' అన్నప్పుడు ఆ మార్పు కుదరదు. పైగా ముందు 'ఎ' ఉంది, కలిపే రాయాలి. చెవికీ తేడా తెలుస్తుంది: క్రియలో సాధారణంగా 'డౌన్'ను ఒత్తి పలుకుతారు, నామవాచకంలో 'స్లో'ను. షట్ డౌన్, బ్రేక్ డౌన్, బ్యాక్ అప్‌లదీ ఇదే దారి.

నామవాచకం అర్థంలోనూ జాగ్రత్త అవసరం. ఆర్థిక వృద్ధి 7 శాతం నుంచి 5 శాతానికి దిగితే అది స్లోడౌన్. ఉత్పత్తి ఇంకా పెరుగుతూనే ఉంది, పెరిగే వేగమే తగ్గింది. దాన్ని మాంద్యం అని రాయడం పాఠకుణ్ని తప్పుదారి పట్టించడమే.

ఇక కర్మ స్థానం. 'స్లో డౌన్ ది కార్', 'స్లో ది కార్ డౌన్' రెండూ ఒప్పే. సర్వనామం వస్తే మాత్రం మధ్యలోనే ఉండాలి: 'స్లో ఇట్ డౌన్'. 'స్లో డౌన్ ఇట్' తప్పు.

మనవాళ్లు ఎక్కువగా పొరబడేది 'స్లో డౌన్ ది స్పీడ్' దగ్గర. 'వేగం తగ్గించు' అని తెలుగులో అనుకుని రాయడం వల్ల వచ్చే చిక్కిది. నెమ్మదించేది బండి, తగ్గేది వేగం. అందుకే 'స్లో డౌన్' అని ఊరుకోవాలి, లేదా 'రెడ్యూస్ స్పీడ్' అనాలి. అలాగే 'స్లో స్పీడ్' కన్నా 'లో స్పీడ్' మేలు.

మీ విద్యార్థుల పేజీలో ఇలాంటి మాటలను జాబితాగా కాక, క్రియకొకటి, నామవాచకానికొకటి చొప్పున పూర్తి వాక్యాల్లో అచ్చు వేయమని మనవి.

— ఒక ఇంగ్లిష్ అధ్యాపకుడు