గుళ్ళు లేచొచ్చినయి, తోవ రాలేదు: సోమశిల - జటప్రోలు ఒడ్డు పనులపై మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికి, ఊరి పెద్దలకి, అక్కలకి, అన్నలకి నమస్కారం. పోయిన ఉగాది నుంచి ఈ ఉగాది దాంక మన సంఘం ఏం చేసింది, ఏం చేయలేకపోయింది, వచ్చే ఏడు ఏం చేయాలనుకుంటున్నం అనేది ఇందుల రాస్తున్న. జమాఖర్చుల కాగితం సోమశిల చాయ్ హోటల్ పక్కనున్న బోర్డుకి అంటించినం, ఎవరికి ఏ డౌట్ ఉన్నా కోశాధికారిని అడగొచ్చు, అందుకే ఇక్కడ పైసల ముచ్చట తక్కువ, పని ముచ్చట ఎక్కువ.

కొత్తగ చేరినోళ్ళ కోసం ముందుగాల ఒక మాట. మనం ఈ సంఘం పెట్టుకున్నది ఒక్కటే పనికి, కొల్లాపూర్ దిక్కు కృష్ణ ఒడ్డు పొంటి ఉన్న ఊర్లను, గుళ్ళను కలిపే తోవ కోసం. కృష్ణ ఒడ్డున మనకు చూడాల్సినవి లేక కాదు, ఉన్నవాటి నడుమ తోవ లేక జనం ఒక్కటి చూసి ఎనకకు మళ్ళుతున్రు. సోమశిలల లలితా సోమేశ్వరస్వామి గుడి, ఘాట్, ఒడ్డు మీది కాటేజీలు, కొల్లాపూర్‌ల మాధవస్వామి గుడి, సురభి రాజుల బంగ్లా, సింగోటంల నరసింహస్వామి గుడి, దాని ముందట చెరువు, పెంట్లవెల్లి దాటితె జటప్రోలు మదనగోపాలస్వామి గుడి, ఇంక అమరగిరి, మల్లేశ్వరం, మంచాలకట్ట. ఇవన్నీ రెండు రోజులల్ల తీరికగ చూసొచ్చేటంత దగ్గరున్నయి. అయినా హైదరాబాద్ నుంచి పొద్దున బయల్దేరిన బండి మధ్యాహ్నం లోపు సోమశిల చేరుతది, స్నానం, దర్శనం, చేపల ఫ్రై, నాలుగు ఫోటోలు, మూడింటికల్ల మళ్ళ కొల్లాపూర్ రోడ్డెక్కుతది. రాత్రి ఉంటె గద ఊర్ల నాలుగు పైసలు మిగిలేది, రూము, అన్నం, పొద్దున టిఫిన్, ఆటో, పడవ, మామిడిపండ్ల డబ్బా, అన్నీ ఆ ఒక్క రాత్రి మీదనే ఆధారపడి ఉన్నయి.

సంక్రాంతి తర్వాత ఒక ఆదివారం నేనే హోటల్ కాడ కూసున్న. ముసలామె, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు, ఉప్పల్ నుంచి వచ్చిన్రట. ఆ పెద్దమ్మ గ్లాసు కింద పెట్టి "ఇంకేమున్నయి బిడ్డా ఇక్కడ చూడనీకి" అని చాయ్ పోసే పిలగాన్ని అడిగింది. "ఇంకేం లేవమ్మా, ఇంతే" అన్నడు. వాడు అబద్ధం చెప్పలే. వాడు ఈ ఊర్లనే పుట్టిండు, సోమేశ్వరుని గుడి, జటప్రోలు గుడి, కొల్లాపూర్ మాధవస్వామి గుడి మూడింటిదీ ఒక్కటే కథ అని వానికి ఎవరూ చెప్పలేదు. వాళ్ళు లేచి కారెక్కిన్రు. నేను పోయి ఆపి చెప్పేలోపు చాయ్ పైసలు ఇచ్చేసి వెళ్ళిపోయిన్రు. ఆ రోజు నుంచి నాకు ఆ మాట చెవులల్ల మోగుతనే ఉన్నది.

ఆ కథ ఏందంటె, శ్రీశైలం ప్రాజెక్టుకి 1963ల శంకుస్థాపన అయింది, 1980ల మొదట్ల నీళ్ళు నిండినయి, మన దిక్కు, అవతల కర్నూలు దిక్కు ఎన్నో ఊర్లు ముంపుల పోయినయి. మనుషులు ఇండ్లు వదిలి పైకొచ్చిన్రు, గుళ్ళను మాత్రం రాయి రాయి విప్పి, నంబర్లు వేసి, బండ్ల మీద తెచ్చి మళ్ళ కట్టిన్రు. మంచాలకట్ట మాధవస్వామి అట్లనే కొల్లాపూర్ వచ్చిండు. జటప్రోలు గుడి, సోమశిల గుడి అట్ల పైకొచ్చినవే. ఎగువన అలంపూర్ పోయి చూసినా కూడవెల్లి సంగమేశ్వరాలయం, పాపనాశనం గుళ్ళు గా ముంపు నుంచే లేచొచ్చినయి. దేశంల ఇన్ని గుళ్ళు ఒక్క నది పొంటి ఇట్ల లేచి నడిచొచ్చిన చోటు ఎన్ని ఉంటయో మీరే ఆలోచించున్రి. గుళ్ళు పైకి తెచ్చిన్రు గాని ఒక ఊరికి ఇంకో ఊరిని కలిపిన ఒడ్డు తోవ, పుట్టిల దాటే రేవులు, అవి నీళ్ళకింద పోయినయి, వాటి బదులు ఇంకోటి ఎవరూ వెయ్యలేదు. మనం అడుగుతున్నది కొత్త వింత కాదు, పోయిన తోవ మళ్ళ కావాలె అంటున్నం. దీనికి కమిటీల "లేచొచ్చిన గుళ్ళ తోవ" అని పేరు అనుకున్నం, ఇంతకన్న మంచి పేరు ఎవరికి తట్టినా చెప్పున్రి.

ఇగ ఈ ఏడు పనుల సంగతి. మే నెలల తొమ్మిది బాణం గుర్తు బోర్డులు రాయించినం, పెయింటర్ అన్న కూలి తీస్కోలేదు, రంగు పైసలే తీస్కున్నడు, ఆయనకు సంఘం తరఫున దండం. ఆరు బోర్డులు రోడ్డు మలుపుల కాడ పెట్టినం, మూడు ఘాట్ దిగువన ఒడ్డు పొంటి పాతినం. అప్పుడు నీళ్ళు ఎక్కడో కింద ఉండె, ఒడ్డంత పగిలిన ఒండ్రు, మాకు అది నేల లెక్కనే కనబడ్డది. ఎగువన జూరాల డ్యామ్ గేట్లు ఎత్తిన్రని వార్త వచ్చినంక రోజుకింత నీళ్ళు ఎక్కుతనే వచ్చినయి, మొదలు కర్ర మునిగింది, తర్వాత బాణం మునిగింది, ఆఖరికి "జటప్రోలు" అనే అక్షరాల మీద నీళ్ళు ఆడుతుంటె పడవల నుంచి చూసినం. ఒక బోర్డు ఊడి తేలుకుంట పోయి అమరగిరి దిక్కు చేపలు పట్టే తమ్మునికి వలల చిక్కింది, భద్రంగ తెచ్చి ఇచ్చిండు. మిగతా రెండు పోయినయి. తప్పు మాదే, పాతే ముందు నీళ్ళ మీద బతికే వాళ్ళను ఒక్కమాట అడిగి ఉంటె చెప్దురు.

కాని ఆ నష్టంల ఒక పెద్ద సంగతి తెలిసొచ్చింది, దాన్ని వివరంగ రాస్తున్న ఎందుకంటె ముందటి పనులన్నీ దాని మీదనే నిలబడతయి. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు. ఎండాకాలం నీళ్ళు దిగుకుంట పోయి 840 అడుగుల దరిదాపులకి వచ్చినప్పుడు అవతలి ఒడ్డు సంగమేశ్వరం గుడి తేలుతది. అంటె నలభై అయిదు అడుగుల తేడా. నిట్టనిలువు గట్టు అయితె అది గంతే, కాని మన ఒడ్డు చాలా జాగల పళ్ళెం లెక్క ఏటవాలుగ ఉంటది, నీళ్ళు నలభై అడుగులు దిగితె ఒడ్డు ఎంతో దూరం ఎనకకు పోతది. వానాకాలం చివర్ల మెట్ల మీద కూసొని కాళ్ళు కడుక్కున్న ఘాట్ కాడనే ఏప్రిల్‌ల మెట్లు అయిపోయినంక బురద, ఆ బురద దాటినంక నీళ్ళు. ముసలోళ్ళు జారేది అక్కడనే, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకొని ఒకరి భుజం ఒకరు పట్టుకొని దిగుతరు. శివరాత్రి నాడు మన వలంటీర్లు అక్కడ తాళ్ళు కట్టి, ఇసుక బస్తాలు పరిచి నిలబడ్డరు, పొద్దున నాలుగింటి నుంచి.

కాబట్టి ఒడ్డు తోవ అంటె సిమెంటు రోడ్డు ఎక్కడంటె అక్కడ పోసేది కాదు. 885 గీతకు పైన నడక తోవ ఉండాలె, గీతకు కింద ఏది కట్టినా అది నీళ్ళతోని ఎక్కేటిది దిగేటిది కావాలె, అంటె తేలే జెట్టీ, దానికి మడత పడే నిచ్చెన లెక్క దారి. సిమెంటు జెట్టీ కడితె సంవత్సరంల కొన్ని నెలలు నీళ్ళల్ల మునిగి ఉంటది, కొన్ని నెలలు బురదల నిలబడి ఉంటది. ఇదే మాట రాసి ఒక ఆఫీసుకు మూడు సార్లు అర్జీ ఇచ్చినం, మూడో సారి పోయినప్పుడు మొదటి రెండు కాగితాలు దొరకట్లేదు అన్నరు. నాలుగోది ఇచ్చి స్టాంపు వేయించుకొని జిరాక్స్ దాచినం. వదలం.

పడవల సంగతి. 2007 జనవరిల మంచాలకట్ట కాడ పడవ మునిగి ఎంతమంది పోయిన్రో, ఎన్ని ఇండ్లల్ల దీపం ఆరిందో ఇక్కడోళ్ళకు నేను చెప్పే పనిలేదు. ఊర్లను నీళ్ళ మీద కలుపుదాం అని మనం అంటున్నప్పుడు ఆ మాట మనసుల పెట్టుకోకుంట అంటె పాపం. అందుకే ఈ ఏడు పడవ నడిపే అన్నలతోని కూసొని లైఫ్ జాకెట్లు అన్నీ ఘాట్ కాడ కుప్ప పోయించినం, ఒక్కొక్కటి నీళ్ళల్ల వేసి పైన రాయి పెట్టి గంటసేపు చూసినం. కొన్ని నీళ్ళు తాగి బరువెక్కినయి, లోపలి ఫోమ్ పిండితె గోధుమరంగు నీళ్ళు కారినయి. కొన్నింటికి బకిల్ విరిగితె సుతిలితోని ముడేసి ఉన్నయి. పనికిరానివి మళ్ళ ఎవరూ తొడగకుండ అక్కడనే కోసేసినం. పడవోళ్ళు ముందుగాల కోపానికొచ్చిన్రు, జాకెట్టు పైసలు ఎవరిస్తరు అని, న్యాయమే. విరాళాల నుంచి సగం, వాళ్ళది సగం వేసి కొత్తవి తెచ్చినం. చిన్నపిల్లల సైజువి ఇంక తక్కువున్నయి, పిల్లలకు పెద్ద జాకెట్ తొడిగితె పైకి జారి మెడకు పడతది, దాతలెవరైనా ఉంటె ముందు అవి ఇప్పించున్రి.

వంతెన గురించి అందరూ అడుగుతున్రు. సోమశిల - సిద్దేశ్వరం వంతెన 2022ల కేంద్రం ప్రకటించింది, 167కే జాతీయ రహదారి మీద, కల్వకుర్తి నుంచి కొల్లాపూర్ మీదుగ నంద్యాల దిక్కు, తీగల వంతెన, నడిచెటోళ్ళకు అద్దాల దారి, వెయ్యి కోట్ల పైన ఖర్చు. మంచాలకట్ట పడవ మునిగినప్పటి నుంచి అడుగుతున్న వంతెన అది, రావాలె, తొందరగ రావాలె. కాని నా మనసుల మాట ఒకటి చెప్త. వంతెన రెండు ఒడ్లను కలుపుతది గాని ఒక్క ఒడ్డు పొంటి ఉన్న ఊర్లను కలపదు. కార్లు సర్రున మీద నుంచి పోతయి, మధ్యల ఆగి నీళ్ళ దిక్కు చూస్తరు, ఫోన్ల ఫోటో తీస్కుంటరు, నంద్యాల పోతరు. వంతెన కాడ దిగి ఎడమకు అమరగిరి, కుడికి జటప్రోలు అని పోయే తోవ అప్పటికే తయారుగ ఉంటెనే మనకు లాభం. వంతెన అయినంక మొదలుపెడదాం అంటె ఆలస్యం అయితది.

పైసలు రావట్లేదా అంటె వచ్చినయి. కేంద్రం స్వదేశ్ దర్శన్ టూరిజం పథకం కింద 2015-16ల ఉమ్మడి మహబూబ్‌నగర్ ఎకో టూరిజం సర్క్యూట్‌కి 91.62 కోట్లు మంజూరు చేసిన్రు, అందుల సోమశిల, సింగోటం రెండూ ఉన్నయి, మన కాటేజీలు ఆ లెక్కల్లయే. తర్వాత 2024ల సోమశిల వెల్‌నెస్, ఆధ్యాత్మిక కేంద్రం అని 68.10 కోట్లు శాంక్షన్ అయినయి. సంతోషమే. కాని ఎప్పుడూ ఒక చోట ఒక కట్టడం అన్నట్టే ప్లాన్లు వస్తున్నయి, నడుమ తోవ గురించి పేజీ తిప్పితె ఉండదు. మన అర్జీల మనం అడిగింది ఇంకో కాటేజీ కాదు, ఉన్న కాటేజీ కాడ నుంచి గుడి దాంక నీడ ఉన్న నడక దారి, నడుమ రెండు తాగునీళ్ళ నల్లాలు, ఆడోళ్ళకు బట్టలు మార్చుకునే గదులు, లైట్లు.

ఆడోళ్ళు అంటె గుర్తొచ్చింది, 2023 డిసెంబర్‌ల బస్సు ఫ్రీ అయినంక అక్కలు, అమ్మలు గుంపులు గుంపులుగ కొల్లాపూర్ దిగుతున్రు, వాళ్ళకు కారు ఉండదు, ఆటోనే దిక్కు. ఆటో అన్నలతోని రెండు మీటింగులు పెట్టి రేట్ల బోర్డు ఒప్పించినం, కొల్లాపూర్ - సోమశిల ఒక రేటు, సోమశిల - సింగోటం ఒక రేటు, మూడు గుళ్ళు తిప్పి తెచ్చేదానికి ఒక రేటు. బోర్డు బస్టాండ్ బయట ఉన్నది. మూడు గుళ్ళ ట్రిప్పు మొదట్ల ఎవరూ అడగలే, ఇప్పుడు ఆదివారాలు అడుగుతున్రని ఆటో అన్నలే చెప్తున్రు. చాయ్ హోటల్ పిలగానికి, ఇంకొంత మంది పిల్లలకు గుళ్ళు లేచొచ్చిన కథ నేర్పినం, ఇప్పుడు ఎవరన్న "ఇంకేమున్నయి" అంటె వాడు కౌంటర్ వదిలి బయటికొచ్చి చెయ్యి చాపి చూపిస్తున్నడు.

సింగోటం జాతరల మనోళ్ళు చెరువు కట్ట మీద ప్లాస్టిక్ ఏరిన్రు, మంచిగ జరిగింది. మామిడి సీజన్ల రైతుల స్టాల్ పెడదామనుకున్నం, గాలివానకు కాయ రాలిపోయి ఆ పని ఆగింది, ఈ ఏడు మళ్ళ చూస్తం. జటప్రోలు దిక్కు మాత్రం మనం ఏం చేయలేకపోయినం, ఆ ఊరి సభ్యులు అలిగిన్రు, వాళ్ళు అలగడంల తప్పులేదు.

2028ల కృష్ణా పుష్కరాలు. 2016 పుష్కరాలల్ల సోమశిల ఘాట్‌కి వచ్చిన జనాన్ని చూసినోళ్ళకు తెలుసు, అంతమంది ఒక్క ఘాట్ మీద పడితె ఎట్లుంటదో. ఒడ్డు తోవ ఉంటె ఆ జనం మల్లేశ్వరం, మంచాలకట్ట రేవులకు సర్దుకుంటది. మనకున్న టైము అంతే.

వచ్చే ఏడు మొదటి పని ఇది. వానాకాలం పోయి డ్యామ్ నిండుగ ఉన్నప్పుడు, నీళ్ళు 885 కాడ నిలబడ్డ వారంల, సోమశిల ఘాట్ నుంచి మంచాలకట్ట దాంక నీటి అంచు పొంటి నడుచుకుంట యాభై అడుగులకొక సున్నం రాయి పాతుదాం. ఆ గీత ఒకసారి కంటికి కనబడితె ఎవరి చేను ఎక్కడిదాంక, తోవ ఎక్కడ పోవాలె అని కూసొని మాట్లాడుకోవచ్చు. ఆ అంచుల పొలాలున్న రైతులను ముందే ఇంటికి పోయి అడుగుతం, వాళ్ళు ఒప్పుకోకుంట ఒక్క రాయి పాతం. డేట్ డ్యామ్ నిండినంక వాట్సాప్‌ల పెడత. వచ్చేటోళ్ళు గడ్డపార, తాడు, తాగనీకి నీళ్ళు తెచ్చుకోన్రి, సున్నం సంఘం తెస్తది. బోర్డు తెచ్చిచ్చిన అమరగిరి తమ్ముడు ముందట నడుస్తనన్నడు.