దీపావళి వారానికి కొత్త కుక్కలను బోర్డింగ్‌కి తీసుకోవడం లేదండి

అందరికీ నమస్కారమండి. దసరా దగ్గర పడేసరికి, కుక్కలని ఉంచుకుని చూసుకునే మా షాపు ఫోన్ మోగుతూనే ఉంది, అడిగేది మాత్రం అందరూ ఒకటే: "దీపావళికి ఊరెళ్తున్నాం, మావాణ్ణి నాలుగు రోజులు ఉంచుకుంటారా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా అందరికీ ఒకేసారి రాసేస్తే మేలనిపించింది. దసరాకి తీసుకుంటున్నాం. దీపావళికి రెండు రోజుల ముందు నుంచి నాగులచవితి అయ్యేదాకా మాత్రం, ఇదివరకు మా దగ్గర ఉండి అలవాటు పడ్డ కుక్కలను తప్ప కొత్తవాటిని తీసుకోవడం లేదు. ఏడాదిలో మాకు బాగా డబ్బులొచ్చే వారం అదే, వదులుకుంటే ఆ నెల అద్దెకీ జీతాలకీ ఇబ్బందే. అయినా ఇదే సరైనదని నమ్మి చెప్తున్నాను.

పోయిన దీపావళికి ఒక కుక్క మొదటిసారి మా దగ్గర ఉంది, రెండేళ్ళ నాటు కుక్క, చాలా మంచిది, పగలంతా మా కుర్రాళ్ళ వెనకే తిరిగింది. సాయంత్రం మొదటి లక్ష్మీ బాంబు పేలగానే లోపలి గది తలుపు సందులో మూతి పెట్టి కొరకడం మొదలెట్టింది, మా కుర్రాడు పక్కన కూర్చుని ఒళ్ళు నిమురుతున్నా ఆగలేదు, చిగుళ్ళలోంచి రక్తం కారుతోంది, చొంగ, వణుకు. అదే రోజు మా దగ్గర ఎన్నోసార్లు ఉన్న లాబ్రడార్ కూడా భయపడింది కానీ తన మామూలు మూలకి వెళ్ళి, తన దుప్పటి మీద ముడుచుకుని పడుకుంది. రెండిటికీ వినపడింది ఒకటే చప్పుడు. కుక్కకి చప్పుడు ఒక్కటే అయితే తట్టుకుంటుందేమో, కొత్త చోటు, కొత్త వాసనలు, మనవాళ్ళు కనపడకపోవడం, దాని మీద చప్పుడు, ఇన్ని ఒకేసారి పెట్టకూడదు. అందుకని నా మాట వింటే, కుదిరినంతవరకు ఇంట్లో ఒకరైనా ఆగండి, లేదా దానికి బాగా తెలిసిన చుట్టాల్ని మీ ఇంటికి పిలిపించుకోండి.

మన విశాఖలో దీపావళి ఒక్క రాత్రితో అయిపోదు కదా, మిగిలిన టపాసులన్నీ నాగులచవితికి కాలుస్తారు. దీపావళికి టపాసులు రాత్రి 8 నుంచి 10 వరకే కాల్చాలని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది, కానీ మన వీధుల్లో చీకటి పడకముందే మొదలై ఎప్పటికో ఆగుతాయి. కాబట్టి ఆ రోజుల్లో వాకింగ్ అయిదు గంటలకల్లా ముగించండి, అన్నం తొందరగా పెట్టేయండి, బాల్కనీ లేని లోపలి గదిలో కిటికీలు మూసి, ఫ్యాన్ వేసి, టీవీ కాస్త గట్టిగా పెట్టండి. మంచం కింద దూరితే లాగకండి. దగ్గరికి తీసుకుంటే భయం ఇంకా అలవాటవుతుందని కొంతమంది చెప్తారు, అది నిజం కాదు, దగ్గరికొస్తే నిమరండి. బయటికి తీసుకెళ్ళాల్సి వస్తే మెడ పట్టీ ఒక్కటే వద్దు, ఉలిక్కిపడి వెనక్కి లాగితే పట్టీ తల మీదుగా ఊడి వచ్చేస్తుంది, ఒంటికి వేసే హార్నెస్ వేయండి, ఫోన్ నంబరున్న బిళ్ళ తగిలించండి. దీపావళి మర్నాడు తప్పిపోయిన కుక్కల ఫోటోలు వాట్సాప్‌లో చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

నిద్రమాత్రల గురించి అడిగేవాళ్ళు చాలామంది. మనం వేసుకునేవి వేయొద్దండి, ఎంత చిన్న ముక్కయినా. ఏస్‌ప్రోమజిన్ లాంటి మత్తు మందులు ఒంటిని కదలనివ్వవు గానీ లోపలి భయాన్ని తగ్గించవు, చూసేవాళ్ళకి ప్రశాంతంగా పడుకున్నట్టుంటుంది, దానికేమో పారిపోదామన్నా కాళ్ళు రావు. భయాన్ని తగ్గించే మందులు వేరే ఉన్నాయి, డాక్టరుగారు దాని బరువు చూసి రాస్తారు. దీపావళికి వారం ముందే వెళ్ళండి, ఎలా పనిచేస్తుందో ఒకసారి ముందుగా వేసి చూసుకోవచ్చు.

ఇక పిడుదులు. వానలు తగ్గి ఇంకా ఉక్కపోత పోని ఈ రోజుల్లో టిక్స్ విపరీతం, స్నానానికొచ్చే కుక్కల్లో చాలావాటికి కాలివేళ్ళ మధ్య, చెవి మడతల్లో, తోక కింద, మెడ పట్టీ కింద దొరుకుతున్నాయి. ఈసారి నుంచి లోపలికి తీసుకునే ముందు అక్కడే కౌంటర్ దగ్గర చూస్తాం, కనిపిస్తే మందు వేయించి రెండు రోజులాగి తీసుకురమ్మంటాం, దయచేసి చిన్నబుచ్చుకోకండి. పిడుదు ఎక్కువ కాలం కుక్క మీద కాదు, మీ గోడ పగుళ్ళలో, గుమ్మం సందుల్లో ఉంటుంది, గుడ్లు పెట్టేదీ అక్కడే, ఆడ పిడుదు ఒక్కటే వేలల్లో పెడుతుంది. అందుకే స్నానం ఒక్కదానితో పోవు. నెలకో మూడు నెలలకో వేసే మాత్రలు బాగా పనిచేస్తాయి, అయితే పిడుదు కుట్టి రక్తం తాగాకే చస్తుంది కాబట్టి ఒకటి కనపడగానే మందు పనిచేయలేదనుకోవద్దు. ఫిట్స్ వచ్చే కుక్క అయితే మాత్ర వేసేముందు డాక్టరుకి ఆ సంగతి తప్పకుండా చెప్పండి. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం చేయకండి, సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగితే వచ్చేస్తుంది. జ్వరం, తిండి మానేయడం, చిగుళ్ళు తెల్లబడటం, ముక్కులోంచి రక్తం, వీటిలో ఏది కనిపించినా రేపు చూద్దాం అనొద్దు, పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్‌లో ప్లేట్‌లెట్లు గబగబా పడిపోతాయి. పిల్లులున్న ఇళ్ళవాళ్ళు ఇంకో మాట వినండి: కుక్కలకి వీపు మీద పోసే పెర్మెత్రిన్ మందు పిల్లికి ప్రాణాంతకం.

కార్తీక మాసంలో వనభోజనాలకి మీతోపాటు తీసుకెళ్ళండి, కుక్కలకి అంతకన్నా పండగ లేదు. కానీ ఆకులో మిగిలిన చక్కెర పొంగలి, పరమాన్నం పెట్టకండి, కిస్‌మిస్ కుక్కల కిడ్నీలని దెబ్బతీస్తుంది. దసరాకి ఉడికించిన బొక్కలు కూడా వద్దు, చీలికలై పేగుల్లో గుచ్చుకుంటాయి. పూజకి పెట్టిన కర్పూరం, గన్నేరు పూలు అందకుండా చూడండి, నెయ్యి తడిసిన ఒత్తులను మింగేసే కుక్కపిల్లలున్నాయి. నాగులచవితికి పుట్ట దగ్గరికి మాత్రం అసలు తీసుకెళ్ళొద్దు, వాసన పట్టి తవ్వడం మొదలెడతాయి.

తుపాను సంగతి కూడా చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మన ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్ళకి ఎంత అవస్థ పడ్డామో ఎవరూ మర్చిపోలేదు. తుపాను హెచ్చరిక వస్తే ఊళ్ళో ఉన్నవాళ్ళకి వెంటనే ఫోన్ చేస్తాం, వచ్చి తీసుకెళ్ళిపోవాలి. బయట ఊళ్ళో ఉన్నవాళ్ళవి మా దగ్గరే ఉంటాయి, జనరేటరుకి డీజిల్, డ్రమ్ముల్లో నీళ్ళు సిద్ధంగా ఉంచుకుంటున్నాం. రోజూ మందులు వాడేవాటికి అయిదు రోజుల మందు ఎక్కువ ఇచ్చి వెళ్ళండి. వాన నీళ్ళు నిలిచిన చోట ఎలుకల మూత్రం వల్ల లెప్టో (లెప్టోస్పైరోసిస్) అనే జబ్బు వస్తుంది, అది మనుషులకీ అంటుతుంది, కాబట్టి ఆ టీకా ఏడాదిలోపు వేయించి ఉంటేనే బోర్డింగ్‌కి తీసుకుంటాం.

రేటు రోజుకి 100 రూపాయలు పెంచుతున్నాం. రాత్రుళ్ళు ఒకరికి బదులు ఇద్దరు కుర్రాళ్ళు ఉంటున్నారు, ఆ డబ్బు వాళ్ళకే. దీపావళి ముందురోజు, దీపావళి రోజు స్నానాలు, జుట్టు కత్తిరింపులు ఉండవు. దసరాకి బుక్ చేసుకునేవాళ్ళు టీకాల పుస్తకంలో ఆఖరి పేజీ ఫోటో మా షాపు వాట్సాప్‌కి పంపండి, వచ్చేటప్పుడు అది పడుకునే పాత దుప్పటి ఒకటి తీసుకురండి, ఉతక్కండి, ఇంటి వాసనతోనే కావాలి.