విశాఖ బీచ్ వాలీబాల్ ప్రయాణం: జమా ఖర్చుల వివరణ

దాతలకు, పిల్లల తల్లిదండ్రులకు, గ్రౌండ్ మిత్రులందరికీ నమస్కారం.

మే నెలలో మన తిరుపతి యూనివర్సిటీ గ్రౌండ్ పిల్లలు విశాఖపట్నం ఆర్.కె. బీచ్‌లో ఆడి వచ్చిన టోర్నమెంటు లెక్క ఇది. జూన్ మొదటి వారంలో మీ ముందు పెట్టాల్సింది, ఆగస్టు వచ్చేసింది. తప్పు కమిటీదే. ఒక్క బిల్లు చేతికి రాక ఆగినాము. అది తిరుగు ప్రయాణం బండి బిల్లు. ఆ బండి కార్యదర్శి గారి బావమరిదిదని, ఆ సంగతి దాచి 24,000 ఇచ్చినారని టీ అంగడి దగ్గరా, వాట్సాప్ గ్రూపులోనూ దాని మీదే ఎక్కువ మాటలు నడిచినాయి కాబట్టి, కోశాధికారిగా నేను మిగతావి త్వరగా చెప్పేసి దాని దగ్గరికి వస్తాను.

జమ

పోయిన ఏడాది వేసవి శిబిరం మిగులు: రూ. 3,150
యూనివర్సిటీ గ్రౌండ్‌లో పొద్దున నడిచే మిత్రులు: రూ. 18,500
రసీదు పుస్తకం మీద అంగళ్ళ వాళ్ళు, లీలామహల్ సర్కిల్ నుంచి కొర్లగుంట దాకా: రూ. 36,200
ఫోన్‌పే ద్వారా పాత ఆటగాళ్ళు, ఇతరులు: రూ. 36,750
పిల్లల ఇళ్ళ నుంచి తలా వెయ్యి, ఆరుగురు: రూ. 6,000
మొత్తం జమ: రూ. 1,00,600

ఎనిమిది మంది పిల్లల్లో ఇద్దరి దగ్గర వెయ్యి తీసుకోలేదు. ఎవరని అడగొద్దు, వాళ్ళ ఇంటి పరిస్థితి కమిటీకి తెలుసు. రైల్లో తినడానికి పులిహోర, పెరుగన్నం పొట్లాలు కట్టించి స్టేషన్ దాకా తెచ్చి ఇచ్చిన బైరాగిపట్టెడ హోటల్ అన్నకు డబ్బు లెక్కలో చోటు లేదు గానీ, ఆ రుణం పెద్దది. కోచ్ గారు ఒక్క రూపాయి జీతం తీసుకోలేదు.

రావాల్సింది ఇంకా రూ. 27,000 ఉంది. ఉగాది రోజు గ్రౌండ్‌లో మైకు పట్టుకుని ప్రకటించిన మొత్తాలే ఇవన్నీ: ఒకరు పదివేలు, ముగ్గురు ఐదేసి వేలు, ఒకరు రెండు వేలు. ఆ మాట నమ్మి బడ్జెట్ వేసుకున్నాం. పదివేల పెద్దాయనకు ఏడు సార్లు ఫోన్ చేశాను, రెండు సార్లు ఇంటికి పోయి వచ్చాను. ఇబ్బందులు ఎవరికైనా వస్తాయి. ఇవ్వలేమని ఒక్క మాట చెప్పినా మాకు చాలు, ఎదురు చూపు తప్పుతుంది. పేర్లు రాయడం లేదు.

ఖర్చు

ఇసుకలో ఆడే ఆటకు ఇసుకలోనే సాధన చేయాలి. గ్రౌండ్‌లోనే ఒక మూల ఇసుక పోయిద్దామని మొదట అనుకున్నాం. కోర్టు 16 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, చుట్టూ కనీసం మూడేసి మీటర్ల ఖాళీ, లోతు 40 సెంటీమీటర్లు. లెక్క వేస్తే ట్రాక్టర్లు నలభై దాటినాయి. ఆ ఆలోచన అక్కడే ఆపేసి ఎండిన స్వర్ణముఖి ఏట్లోకి పోయినాం. మన జిల్లాకే సముద్రం ఉంది కదా, అక్కడికి తీసుకుపోలేరా అని ఒక మిత్రుడు అడిగినాడు. నిజమే, 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు వాకాడు వైపు తీరం తిరుపతి జిల్లాలోకి వచ్చింది. కానీ తిరుపతి నుంచి వంద కిలోమీటర్ల పైమాట, రోజూ పోయి వచ్చే దూరం కాదు.

ఏటికి ఆడపిల్లలను తీసుకుపోయి తెచ్చిన ఆటో, 18 రోజులు, రోజుకు 400: రూ. 7,200
బీచ్ బంతులు మూడు: రూ. 8,700
నెట్టు, హద్దు పట్టీలు, మేకులు: రూ. 4,350
ఆట బట్టలు, ఎనిమిది మందికి రెండేసి జతలు: రూ. 7,200
బ్యానరు, రసీదు పుస్తకాల అచ్చు: రూ. 2,000
నాలుగు జట్లకు ప్రవేశ రుసుము: రూ. 6,000

బంతులు మన దగ్గరే ఉన్నాయి కదా అన్నవాళ్ళకు ఒక మాట. మనం మామూలుగా ఆడే బంతిలో గాలి చదరపు సెంటీమీటరుకు 0.30 నుంచి 0.325 కిలోలు ఉంటుంది. బీచ్ బంతిలో 0.175 నుంచి 0.225 మాత్రమే, బంతి కూడా కొంచెం పెద్దది. చేతికి తగిలే తీరే వేరు. పాత బంతితో నెల రోజులు ఆడి అక్కడ కొత్త బంతి పట్టుకుంటే మొదటి సర్వీసే బయటికి పోతుంది.

ఇద్దరిద్దరు ఆడే ఆటకు పన్నెండు మంది ఎందుకు పోయినారు అన్నది ఇంకో ప్రశ్న. మగపిల్లల జంటలు రెండు, ఆడపిల్లల జంటలు రెండు, కోచ్ గారు, ఆడపిల్లలకు తోడుగా ఒక అమ్మాయి వాళ్ళమ్మ, కార్యదర్శి, నేను. నా రైలు టికెట్టు, తిండి నేనే పెట్టుకున్నాను. కాబట్టి కింద రైలు, తిండి లెక్కలు పదకొండు మందివి.

వెళ్ళేటప్పుడు తిరుమల ఎక్స్‌ప్రెస్, స్లీపర్, 435 చొప్పున: రూ. 4,785
తిరుగు రైలు టికెట్లు: రూ. 4,785
లాడ్జి, శుక్ర, శనివారాలు, రెండు రాత్రులు: రూ. 10,800
లాడ్జి, ఆదివారం రాత్రి: రూ. 5,400
తిండి, మొదటి మూడు రోజులు: రూ. 11,400
తిండి, సోమవారం: రూ. 3,900
విశాఖలో ఆటోలు: రూ. 2,850
మందులు, టేపులు, గ్లూకోజు: రూ. 1,940
ఇసుక సాక్సులు నాలుగు జతలు: రూ. 2,200
ఎక్స్‌రే, కట్టు: రూ. 1,250
తిరుగు ప్రయాణం బండి: రూ. 24,000
మొత్తం ఖర్చు: రూ. 1,08,760

లాడ్జిలో మూడు గదులు. రెండు మామూలువి, 1,500 చొప్పున. ఒకటి ఏసీ, 2,400. కమిటీ ఏసీలో పడుకుందన్న మాట నా చెవిన పడింది, బాధ పడ్డాను. ఆ ఏసీ గదిలో నలుగురు అమ్మాయిలు, ఆ తల్లి ఉన్నారు. వాళ్ళకు మొదట చూపించినది కింది అంతస్తులో మామూలు గది. కిటికీ గడియ ఊడిపోయి ఉంది, రెక్కలకు ఎవరో చున్నీ ముక్క కట్టి పెట్టినారు. కిటికీ అవతల నడిచే దారి. ఆ తల్లి గడప దగ్గరే నిలబడి, "ఈ గదిలో నా బిడ్డను పండుకోబెట్టను సార్" అనింది. పైన ఖాళీగా ఉన్నది ఆ ఏసీ గది ఒక్కటే. మేము ఏడుగురం మిగతా రెండు గదుల్లో సర్దుకున్నాం.

సాక్సుల సంగతి కూడా చెప్పాలి. ఈ ఆట చెప్పుల్లేకుండా ఆడాలి, రెఫరీ ఒప్పుకుంటేనే కాళ్ళకు ఏమైనా వేసుకోవచ్చు. శనివారం మిట్టమధ్యాహ్నం మ్యాచ్. మొదటి సెట్టు అయ్యేసరికి మంగళం నుంచి వచ్చే అమ్మాయి కాళ్ళు మార్చి మార్చి నిలబడుతోంది. అరికాలు తిప్పి చూస్తే బొబ్బలు. "కాళ్ళు కాల్తా ఉండాయి సార్" అంటానే బక్కెట్ నీళ్ళలో పాదాలు ముంచి మళ్ళా కోర్టులోకి పోయింది. ఈ ఆటలో బదులు ఆటగాళ్ళు ఉండరు. ఇద్దరిలో ఒకరు కూలబడితే జట్టు పని అయిపోయినట్టే. ఆ సాయంత్రమే కొనుక్కొచ్చినాం. మగపిల్లలు అప్పటికే ఓడిపోయినారు కాబట్టి నాలుగు జతలే.

ఇక అసలు సంగతి.

మన మగపిల్లల జంటలు రెండూ లీగ్‌లోనే వెనుదిరిగినాయి. ఆడపిల్లల్లో ఒక జంట క్వార్టర్స్‌లో ఓడింది, ఒక జంట సెమీస్ చేరింది. సెమీస్ ఆదివారం పొద్దున 7 గంటలకు, మన రైలు అదే రోజు మధ్యాహ్నం. మ్యాచులు పొద్దునే ముగిసిపోతాయని నిర్వాహకులు ముందే చెప్పినందున ఆ రైలుకు చేసినాం. ఆదివారం తెల్లవారుజామున ఉరుములు, గాలి, వాన. నెట్టు స్తంభాలు వాలిపోయినాయి, కోర్టుల్లో నీళ్ళు నిలిచినాయి. పదిన్నర దాకా చూసి సెమీస్, ఫైనల్స్ సోమవారానికి మార్చినట్టు ప్రకటించినారు. అప్పటికే రైలు చార్టు తయారైంది. చార్టు అయినాక రద్దు చేసుకుంటే పైసా తిరిగి రాదు. ఆ 4,785 రూపాయలు అట్లా పోయినాయి.

రైలెక్కి వచ్చేసి ఉంటే మిగతా ఖర్చంతా తప్పేది. ఆ మాట అన్నవాళ్ళది తప్పని నేను అనను, దాతల డబ్బు మీద బాధ్యతతో అన్నమాటే. కానీ ఆ రోజు లాడ్జి వరండాలో కూర్చుని మేము మాట్లాడుకున్నప్పుడు, ఏట్లో పద్దెనిమిది రోజులు ఎండలో పొర్లిన ఇద్దరు పిల్లలు బ్యాగులు సర్దుకుని మా ముఖాలే చూస్తా నిలబడినారు. సెమీస్ దాకా వచ్చి, ఆడకుండానే ఓడినట్టు రాయించుకుని రమ్మని వాళ్ళకు మేము చెప్పలేకపోయినాం. ఉండాలని కోచ్, కార్యదర్శి, నేను ముగ్గురం కలిసి నిర్ణయించినాం. మళ్ళా అదే పరిస్థితి వచ్చినా నా ఓటు దానికే.

ఆ ఆదివారం సాయంత్రం వాన తెరిపిచ్చినాక పిల్లలు బీచ్ పక్కనే ఉన్న కురుసుర జలాంతర్గామి మ్యూజియం చూసినారు. ఆ ఫొటో చూసే చాలామంది విహారయాత్ర అన్నారు. టికెట్లు ఎవరివి వాళ్ళే కొనుక్కున్నారు, పై లెక్కలో అది లేదు.

సోమవారం సెమీస్ మూడో సెట్టులో 15-12తో పోయింది. మూడో స్థానం మ్యాచ్ గెలిచినారు. గెలిచిన ఆఖరి పాయింటులోనే ఒకమ్మాయికి చీలమండ మెలిక పడింది. ఎక్స్‌రే తీయించి, ఎముక బాగానే ఉందని తెలిసి, కట్టు కట్టించేసరికి నాలుగు. మరుసటి రోజు మంగళవారం పొద్దున పదికి జట్టులో ఇద్దరికి డిగ్రీ పరీక్ష. మే నెలలో తిరుపతి రైలు అంటే మనకు తెలియనిది కాదు, కొండకు వచ్చే భక్తులతో నెలల ముందే నిండిపోతుంది. తత్కాల్‌లో పొద్దున ప్రయత్నించినాం, దొరకలేదు. ప్రైవేటు బస్సుల్లో ఒకదాంట్లో నాలుగు, ఇంకోదాంట్లో మూడు సీట్లు, అన్నీ పై బెర్తులు. కట్టు కట్టిన కాలితో ఆ పిల్ల పైకెక్కేది ఎట్లా? అమ్మాయిలను విడదీసి రెండు బస్సుల్లో పంపేది ఎట్లా?

విశాఖలో ఇద్దరు టెంపో వాళ్ళను అడిగినాం. 750 కిలోమీటర్ల పైన దూరం, ఖాళీగా వెనక్కి రావాలి కాబట్టి ఒకరు 38,000, ఇంకొకరు 35,000 చెప్పినారు. అప్పుడు కార్యదర్శి గారికి గుర్తొచ్చింది, తిరుపతి నుంచి ఒక కుటుంబాన్ని సింహాచలం దర్శనానికి తెచ్చి దించిన బండి ఖాళీగా తిరిగి రావాల్సి ఉందని. బేరమాడితే 24,000కు ఒప్పుకున్నారు. డీజిల్, టోల్, డ్రైవరు బత్తా అన్నీ అందులోనే. నాలుగున్నరకు బయలుదేరి రాత్రంతా ప్రయాణం చేసి మంగళవారం పొద్దున ఏడుకు తిరుపతి చేరినాం. ఇద్దరూ పరీక్ష రాసినారు.

ఆ బండి కార్యదర్శి గారి బావమరిదిది. ఇది దాచినట్టు చెప్పుకుంటున్నారు. దాచలేదు, కానీ చెప్పనూ లేదు. ఆ రాత్రే గ్రూపులో, ఇది మా వాళ్ళ బండి, ఇంత రేటు అని ఒక్క మెసేజ్ పెట్టి ఉండాల్సింది. పెట్టకపోవడం తప్పని కార్యదర్శి గారు మీటింగులో ఒప్పుకున్నారు. కోశాధికారిగా నేనూ గుర్తు చేయలేదు, ఆ తప్పు నాది. రేటు విషయంలో మాత్రం నా మనసుకు ఏ అనుమానమూ లేదు. బేరం నా ముందే జరిగింది. వేరే ఇద్దరు చెప్పిన రేట్లు నా ఫోనులో మెసేజులుగా ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు.

బిల్లు ఎందుకు ఆలస్యమైందంటే, డ్రైవరు ఆ రోజు పాత క్యాలెండర్ కాగితం వెనక పెన్సిల్‌తో మొత్తం రాసి ఇచ్చినాడు. ఆ చీటీ మీద లెక్క ప్రకటించడం నాకు ఇష్టం లేకపోయింది. సరైన బిల్లు, టోల్ రసీదులు అడుగుతా ఉంటే అవి జూలై ఆఖరుకు వచ్చినాయి. బిల్లు తేదీ చూసి తర్వాత పుట్టించినారన్నారు. ఆ చీటీ కూడా బిల్లుకే పిన్ను చేసి పెట్టినాను. నేనూ ఆ బండిలోనే వచ్చాను కాబట్టి నా వంతు 2,000 ఇచ్చాను, అది పైన ఫోన్‌పే మొత్తంలో కలిసి ఉంది.

మూడో స్థానానికి వచ్చిన బహుమతి 12,000 జమలో ఎందుకు లేదని అడిగినారు. అది కమిటీ డబ్బు కాదు. బహుమతి వస్తే ఆడిన వాళ్ళదే అని వెళ్ళక ముందే మీటింగులో చెప్పినాం. కవరు బండిలో అందరి ముందే విప్పి చెరి ఆరు వేలు ఇచ్చినాం. బండి బాకీకి అది కట్టి ఉండొచ్చు కదా అన్నారు. పిల్లల చెమట డబ్బుతో పెద్దవాళ్ళ బాకీ తీర్చడం కమిటీకి సమ్మతం కాదు.

జమ కంటే ఖర్చు రూ. 8,160 ఎక్కువ. అందులో బండికి ఇవ్వాల్సిన బాకీ 8,000. ఇప్పటిదాకా 16,000 ఇచ్చినాం. మిగతా 160 నేను వేసినాను, అది తిరిగి అక్కర్లేదు. రావాల్సిన 27,000లో ఎంత వచ్చినా ముందు బండి బాకీ తీరుస్తాం. మిగిలింది వచ్చే వేసవి శిబిరానికి.

బిల్లుల ఫైలు, రసీదు పుస్తకం పట్టుకుని వచ్చే ఆదివారం పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది దాకా గ్రౌండ్‌లో చింతచెట్టు కింద కూర్చుంటాను. నెట్టు, పట్టీలు కోచ్ గారి ఇంట్లో ఉన్నాయి. బంతులు మూడింటిలో ఒకదానికి కుట్టు ఊడింది, కుట్టించడానికి ఇచ్చినాం.

కమిటీ తరఫున,
కోశాధికారి, తిరుపతి