ఒరేయ్ గుడ్లగూబా, ఇక్కడ చీకటి పడట్లేదురా

ఒరేయ్ గుడ్లగూబా,

ముందు తిట్టాల్సినవన్నీ తిట్టేసుకో, తర్వాత చదువు. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది, రేపు రాద్దాం ఎల్లుండి రాద్దాం అనుకుంటూనే... సాకులేం లేవు, బద్ధకం అంతే. ఉద్యోగం బానే ఉంది, ఇల్లు మారాను, మోకాలి నొప్పి తగ్గింది, పెళ్లి సంగతి అడక్కు. కబుర్లు అయిపోయాయి. ఇప్పుడు అసలు సంగతి, ఇది చెప్పకపోతే కడుపు ఉబ్బి చచ్చేలా ఉన్నా, ఈ ఫిన్లాండ్ హెల్సింకీలో ఎవడికి చెప్పినా "జూన్ కదా మరి" అని వాడి పని వాడు చూసుకుంటున్నాడు.

పోయిన నెల 21న రాత్రి, నువ్విచ్చిన బైనాక్యులర్స్ మెళ్లో వేసుకుని, పాలపుంత చూద్దామని బయల్దేరా. ఊళ్లోకి సముద్రం పాయలా చొచ్చుకొచ్చిన చోటొకటి ఉంది, అక్కడ బండ మీద ఉత్తరం వైపు తిరిగి కూర్చున్నా. సూర్యుడు మునిగింది ఎన్నింటికో తెలుసా, రాత్రి 10:50కి! సరేలే, అరగంటలో చీకటి పడుతుంది అనుకున్నా. మన బుర్రలో ఉన్న లెక్క అదే కదా. సూర్యుడు మునగ్గానే స్విచ్ ఆపేసినట్టు చీకటి పడిపోతుందన్న నీ స్విచ్ సిద్ధాంతం గుర్తుందా? అది సార్ ముందు చెప్పినందుకే కదరా నిన్ను బల్లెక్కించింది. పక్కన కూర్చుని నవ్వినందుకు నన్నూ ఎక్కించాడనుకో.

11:30 అయింది, చీకటి లేదు. ఎవరో పెద్దాయన కుక్కని తిప్పుకుంటూ పోయాడు. 12 అయింది, అరచేతిలో గీతలు కనపడుతున్నాయి. జేబులో నీ ఉత్తరం ఉంటే తీసి చదివా, నీ కోడిగీతల రాత సైతం చదవగలిగానంటే వెలుగెంతుందో నువ్వే ఊహించుకో. అభిజిత్తు నడినెత్తికి కాస్త ఇవతల, స్వాతి పడమర పక్కన, బ్రహ్మహృదయం ఉత్తరాన కింద, అంత మెరిసే నక్షత్రాలు కూడా వెతుక్కుంటేనే కనపడ్డాయి. పాలపుంత మాట దేవుడెరుగు. పెద్దాయన తిరిగొస్తూ ఆగి "ఏం చూస్తున్నావ్" అన్నాడు. నక్షత్రాలు అన్నా. "ఆగస్టులో రా" అని వెళ్లిపోయాడు, నవ్వనైనా నవ్వలేదు!

నేను లేవలేదు. ఎందుకంటే అప్పటికే ఒకటి కనిపెట్టా. అవతలి గట్టున పొడుగాటి పొగగొట్టం ఒకటుంది. 12కి ఆకాశం అంచున మిగిలిన నారింజ వెలుగు దానికి ఎడం పక్కన ఉంది. ఒంటిగంటకి జరిగి దగ్గరకొచ్చింది. 1:20కి సరిగ్గా దాని వెనక, అదే ఆ రాత్రికి మసక ఎక్కువగా ఉన్న క్షణం. 2 దాటాక కుడి పక్కకి పోయింది. పిట్టగోడ అవతల ఎవరో లాంతరు పట్టుకుని వంగి నడుస్తున్నట్టు లేదూ? మనిషి కనపడడు, వెలుగు మాత్రం గోడ పైన నడుచుకుంటూ పోతుంది. సూర్యుడు పోలేదురా, గోడ వెనక నడుస్తున్నాడు! నేను ఒక్కణ్ణే బండ మీద గట్టిగా అరిచా, ఒక బాతు ఎగిరిపోయింది.

(అర్ధరాత్రి 12కి కాకుండా 1:20కి ఎందుకంటే గడియారం దొంగది, సమ్మర్ టైమ్ అని ఒక గంట ముందుకి తిప్పేశారు, మిగతా ఇరవై నిమిషాలు టైమ్ జోన్ పుణ్యం.)

ఇంటికొచ్చి లెక్కేశా. 90 లోంచి అక్షాంశం తీసెయ్, మిగిలినదాంట్లోంచి భూమి వాలు 23.4 తీసెయ్, జూన్ 21 అర్ధరాత్రి సూర్యుడు ఎంత లోతున ఉంటాడో అదే. ఇక్కడ అక్షాంశం 60.2, అంటే మిగిలేది 6.4 డిగ్రీలు, అంతే! అదే భూమధ్యరేఖ దగ్గరైతే 66 పైనే. పైగా అక్కడ సూర్యుడు బావిలో వేసిన రాయిలా నిలువుగా దిగిపోతాడు, 6 డిగ్రీలు దిగడానికి ఇరవై పాతిక నిమిషాలు చాలు. ఇక్కడ విమానం రన్‌వే మీదకి దిగినట్టు ఏటవాలుగా జారతాడు, జారి జారి అడుగు తగలకముందే మళ్లీ లేచిపోతాడు. ఆ లోతు 6 డిగ్రీల దాకా ఉంటే సివిల్ ట్విలైట్ (ట్విలైట్ అంటే సంధ్యవెలుగు), 12 దాకా నాటికల్, 18 దాకా ఆస్ట్రనామికల్ అంటారు, 18 దాటితేనే అసలు చీకటి. ఆ లెక్కన ఉత్తర అక్షాంశం 48.6 డిగ్రీలు దాటిన ఊరికి జూన్ 21న అసలు చీకటే లేదు. పారిస్‌కి కూడా లేదు, చూసుకో.

మరి సూర్యుడు కిందుంటే వెలుగెక్కడిది అంటావు, నువ్వు అంటావు నాకు తెలుసు. నేల మీద మనం నీడలో ఉన్నాం, కానీ పైన పదుల కిలోమీటర్ల ఎత్తులో గాలికి ఇంకా ఎండ తగుల్తూనే ఉంది, ఆ గాలి దాన్ని చెదరగొట్టి మన మీదకి పంపిస్తుంది. నడినెత్తిన ఆ చిక్కటి నీలం ఉంది చూడు, అది ఎక్కువగా ఓజోన్ పని, ఏటవాలుగా చాలా దూరం వచ్చిన వెలుగులోంచి నారింజా పసుపూ అదే మింగేస్తుందట. ఆ నీలం నీకు చూపించాలిరా, ఫోన్‌లో తీస్తే ఉత్త బూడిదరంగు వచ్చింది.

నిజం చెప్పనా, 3 గంటలప్పుడు ఎందుకో దిగులేసింది. చీకటి మీద బెంగ పెట్టుకున్నవాణ్ణి ఎప్పుడైనా చూశావా? అప్పట్నుంచీ నిద్ర సరిగ్గా లేదు, కిటికీకి దుప్పటి కట్టుకున్నా. డిసెంబర్లో పగలు 6 గంటలు కూడా ఉండదంట, అప్పుడు వెలుగు లేదని ఏడుస్తూ రాస్తాను, అదీ రెండు నెలలు లేటుగా.

అన్నట్టు నిన్న రాత్రి ఇంకో ఘోరం. అదే బండ, ఉత్తరాన వెండి దారాలు చిక్కుపడినట్టు మబ్బులు, మెరుస్తున్నాయి! మామూలు మబ్బులు నల్లగా కిందున్నాయి, ఇవి 80 కిలోమీటర్ల పైన ఉండే మంచు పలుకులట, అంత ఎత్తులో ఉన్నాయి కాబట్టే అర్ధరాత్రి కూడా వాటికి ఎండ. 1885లో మొదటిసారి వీటి గురించి రాశారట, క్రకటోవా అగ్నిపర్వతం పేలిన రెండేళ్లకి. ఆ పెద్దాయనా కుక్కా మళ్లీ వచ్చారు, ఈసారి ఆయన నా పక్కనే కూర్చుని ఏమన్నాడంటే... అయ్యో బస్సొచ్చేసింది, ఇది పోస్టులో వెయ్యాలి, మిగతాది తర్వాతి ఉత్తరంలో, బల్లెక్కి

నీ
గబ్బిలం