అన్న తుంగలోకి దిగిన రోజు

నల్లగొండ,
ఆదివారం పొద్దున

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం వచ్చి ఎన్నాళ్లయిందో, జవాబు రాయలేదు. తిట్టుకో, పడతా. అమ్మ మోకాళ్లు అట్లనే ఉన్నాయి, చిన్నోడు టెన్త్‌కొచ్చాడు, వంటింటి కప్పు మళ్లీ కురుస్తోంది. ఇవన్నీ తర్వాత. అసలు సంగతి నీకు చెప్పకపోతే నాకు అన్నం సయించేట్టు లేదు. అన్న బొమ్మ వేశాను. అవును, నీడ అక్షరాలతో బోర్డులు రాసే మన షేడ్ లెటర్ అన్నదే!

విశాలాంధ్ర వ్యానులో కొన్న రష్యన్ బొమ్మల పుస్తకం ఉంది చూడు, నువ్వు చాయ్ ఒలకబోసి నా మీదికి నెట్టింది, అదే. అందులో క్రామ్‌స్కోయ్ అనే చిత్రకారుడు 1873లో వేసిన షిష్కిన్ బొమ్మ ఉంటుంది. అడవుల బొమ్మలేసే షిష్కిన్. చేతిలో ప్యాలెట్ లేదు, ముందు ఈజిల్ లేదు. ఎత్తుగా పెరిగిన గడ్డిలో, భుజాన సంచి, గొడుగు కర్ర మీద బరువానించి, చేను చూసుకోను వచ్చిన రైతు లెక్క నిలబడి ఉంటాడు. ఆ ఎండాకాలం ఇద్దరూ ఒకే పల్లెలో ఉండి పని చేసుకున్నారు. దగ్గర్లోనే టాల్‌స్టాయ్ ఊరు. ఆయన బొమ్మ కూడా క్రామ్‌స్కోయ్ ఆ ఏడాదే వేశాడు. టాల్‌స్టాయ్ కళ్లు మనల్ని నిలదీస్తాయి. షిష్కిన్ బొమ్మలో ఆ గొడవే లేదు, తోటి పనివాణ్ణి చూసే చూపు అది. నాకైతే ఇదే పెద్ద బొమ్మ. నువ్వు ఒప్పుకోవు, తెలుసు.

అన్నను అట్లా నిలబెట్టాలని ఎప్పటినుంచో. ఫ్లెక్సీలు వచ్చాక అన్న చేతికి పనేముంది చెప్పు, ఎప్పుడన్నా బడి గోడ మీద ఒక సూక్తి, లారీ వెనక ఒక పేరు. అడిగితే "నా మొహానికి ఆయిల్ రంగులా, దండగ" అన్నాడు. అయినా తెల్లారేసరికి ఉతికిన చొక్కాతో తయారు! గోడరాతలకు చివర బ్రష్ కట్టే పొడుగు వెదురు కర్ర కూడా పట్టుకొచ్చాడు. పానగల్ చెరువు కింద తుంగ గడ్డిలో నిలబెట్టాను. వెలుతురు మారుతోంది, కదలకన్నా అంటే, "వెలుతురు సంగతి నాకు చెప్పకు, అగో, ఛాయా సోమేశ్వరం గుడి కట్టినోళ్లనడుగు. పొద్దంతా లింగం మీద నీడ నిలబెట్టిన్రు, నీకు గంట నిలబడ్తలేదా" అని ఒకటే నవ్వు. ఆ నవ్వుకి మీసం కదిలి నా గీత పోయింది.

తర్వాత ఇంట్లో పెట్టుకుని మెల్లగా పూర్తి చేశాను. మొహం కుదిరింది బావా, ఒట్టు. మొన్న చూడ్డానికొచ్చాడు. చాలాసేపు మాట లేదు. నాకు టెన్షన్. చివరికి వేలు పెట్టి, "గోరు కింద రంగేది?" అన్నాడు. నిజమే, ఆయన బొటనవేలి గోరు కింద నల్లటి గీత ఒకటి ఎప్పుడూ ఉంటుంది, ఎనామెల్ ఇంకిపోయి, కిరసనాయిలుకీ పోదు. సన్న బ్రష్ అందుకుని తనే పెట్టాడు. అక్కడితో ఆగితేనా! "గడ్డి నీకు రాదు గానీ ఇటియ్యి" అని కూర్చున్నాడు. ఒక్కో పోచ కింద ఒత్తి, పైకి లాగి, కొస దగ్గర బ్రష్ తేల్చేయడం, అంతే. తెలుగు అక్షరం మీద తలకట్టు పెట్టే విసురే అది. రెండోసారి దిద్దడం లేదు. నేను తడి గుడ్డ పట్టుకుని నోరు తెరుచుకుని చూస్తున్నా. నిజం చెప్పనా, ఇప్పుడు నా మొహం కన్నా ఆయన తుంగ బాగుంది. నా మొహం అంటే నేను వేసిన మొహం. నవ్వకు.

అప్పుడు షిష్కిన్ ఎలుగుబంట్ల కథ చెప్పాను. 1889 నాటి ఆ పైన్ అడవి బొమ్మలో ఎలుగుబంట్లు వేసింది సవిత్‌స్కీ అనే ఇంకో చిత్రకారుడు. సంతకం కూడా పెట్టాడు. కొన్న త్రెత్యాకోవ్ ఆ సంతకం తుడిపించేశాడు. అన్నకు కోపమొచ్చింది. "తుడిపిండా! నా బోర్డు మీది పేరు తుడిపితే బోర్డే పీక్కొస్తుంటి." అని ఊరుకుంటే అన్న ఎట్లా అవుతాడు? కింది మూలన పసుపు రంగు, ఎరుపు నీడ, తన పేరు, పక్కన 'ఆర్ట్స్', కింద ఫోన్ నంబరు! నా సంతకం ఆ పక్కన చీమంత.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక గ్రూప్ షోకి పంపాలి. ఫారంలో ఒక్క పేరుకే చోటుంది. ఫోన్ నంబరు చెరిపేయమని ఇంట్లో పోరు. నాకు చెయ్యి రావడం లేదు. రెండు పేర్లూ రాసేద్దామనుంది, వాళ్లు తిప్పి పంపితే పంపనీ. నువ్వేమంటావ్? నీ సలహా ఎట్లాగూ వినను, అయినా రాయి.

ఇంకోటి. క్రామ్‌స్కోయ్ 1887లో ఒక డాక్టరు బొమ్మ వేస్తూ వేస్తూనే ఈజిల్ ముందు పోయాడు. పదకొండేళ్లకు షిష్కిన్ కూడా అట్లనే, బొమ్మ ముందే. అన్నకు ఈ మధ్య దగ్గు ఎక్కువైంది, టర్పెంటైన్ వాసనకేనేమో, డాక్టరు దగ్గరికి రమ్మంటే... సర్లే, అది ఇంకోసారి రాస్తా.

నువ్వు సంక్రాంతికి వస్తే అన్న నిన్నూ వదలడు, లతీఫ్ సాహెబ్ గుట్ట ముందు నిలబెట్టి వేస్తాడట, పొట్ట తగ్గించకుండా. బాకీ చాయ్ సంగతి కూడా అడిగాడు, నేను నోరు మెదపలేదు. ఆటోవాడు కింద హారన్ కొడుతున్నాడు, ఇది ఇప్పుడే పోస్టులో వేయాలి.